కారు పార్కింగు సౌకర్యం కలదు

పోయిన నెల మా చెన్నపట్నంలో ఒక తెలుగు సాహిత్య సభ జరిగింది. హాలులో 150 కుర్చీలు వేశారు. వేదిక మీద ఆరుగురు, కింద 23 మందిమి. లెక్కపెట్టడం నా వృత్తి గనుక లెక్కపెట్టాను. అధ్యక్షులవారు లేచి, ఖాళీ కుర్చీల వంక చూసి, "తెలుగువాడికి భాషాభిమానం చచ్చిపోయింది" అని అందుకుని, రానివాళ్ళ పాపానికి వచ్చినవాళ్ళని ముప్పావుగంట సేపు దులిపారు. మేము తలలు వంచుకుని విన్నాం. ఇలాంటి తిట్లు తినడం సభలకు వచ్చేవాళ్ళకు అలవాటే.

సభ అయ్యాక నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పద్నాలుగు మంది కార్లెక్కారు. నలుగురు స్కూటర్లు తీశారు. ముగ్గురిది ఆ వీధో పక్క వీధో. ఇక మిగిలింది ఇద్దరం. ఒకాయన ఆటోవాడితో బేరమాడుతున్నాడు. రెండోవాణ్ని నేను. అంటే బస్సులో వచ్చి బస్సులో పోయే మనిషి, నన్ను తీసేస్తే, ఆ సభలో ఒక్కడూ లేడన్నమాట.

ఆ తర్వాత రెండు ఆదివారాలు కూర్చుని, ఒకప్పుడు ఏ సభా తప్పని పదకొండు మందికి ఫోన్లు చేశాను. తెలుగు మీద మొహం మొత్తిందని ఒక్కరూ అనలేదు. వ్యాసర్పాడి నుంచి వచ్చే ఒకావిడ చెప్పింది: "రావడానికి గంటన్నర. ఐదున్నరకు సభ అంటారు, ఆరున్నరకు దీపం వెలిగిస్తారు. ఎనిమిదిన్నరకు వదిలితే రెండు బస్సులు మారాలి. రెండోది దిగాక చీకట్లో ఆ పెద్ద రోడ్డు దాటాలి. మా అబ్బాయి వద్దంటాడండీ." నంగనల్లూరు తెలుగు మాస్టారు ఒకాయన మోకాళ్ళ సంగతి చెప్పి, చివర్లో నవ్వుతూ అన్నారు: "మీ ఆహ్వానపత్రిక అందింది నాయనా. కింద 'కారు పార్కింగు సౌకర్యం కలదు' అని వేశారు కదా. నాకు కారు లేదు. పిలిచింది నన్ను కాదేమో అనుకున్నాను."

ఈ మాట నన్ను కుదిపింది. అందుకే ఈ వ్యాసం. సాహిత్య పత్రికలో బస్సుల గొడవేమిటని ముఖం చిట్లించే పెద్దలకు ముందే ఒక నమస్కారం పెట్టి మొదలుపెడతాను.

మన బడులు మూతపడ్డాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లలకు తెలుగు అక్షరం దూరమైంది. ఇవన్నీ నిజాలే. ఈ పత్రికలోనూ ఇతరత్రా ఎందరో రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ రాష్ట్రేతర ఆంధ్రుడికి ప్రభుత్వం లేదు, పేట లేదు. పదిమైళ్ళకు ఒకడుగా చెదిరి ఉన్నాడు. అతనికున్నదల్లా నెలకో సభ, ఏడాదికో ఉగాది, ఊరి నుంచి వచ్చే చుట్టం. మూడింటికీ మనిషి కదలాలి. కదలలేని ఊళ్ళో అల్పసంఖ్యాక భాష బతకదు. పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్ళకు వీధిలోకొస్తే చాలు, భాష వినిపిస్తుంది. మనకు మాత్రం వినాలంటే ఊరు దాటి వెళ్ళాలి.

నేను కామర్సు చదివినవాణ్ని. జంట పద్దు విధానం మాకు గాయత్రీ మంత్రం లాంటిది. ఒకరి ఖాతాలో క్రెడిట్ పడితే ఇంకెవరి ఖాతాలోనో డెబిట్ పడి తీరాలి. ఒకవైపే రాసి పుస్తకం మూసేస్తే దాన్ని మా వాళ్ళు లెక్క అనరు, మోసం అంటారు. మన నగరాల్లో రోడ్ల లెక్కలన్నీ ఈ ఒంటి పద్దు లెక్కలే. ఒక వంతెన కట్టగానే, ఇందువల్ల వాహనదారులకు ఇన్ని నిమిషాలు ఆదా అని పత్రికల్లో వస్తుంది. అది క్రెడిట్. ఆ వంతెన కింద రోడ్డు దాటలేక అరకిలోమీటరు చుట్టి వచ్చే ముసలామె ఖర్చుచేసిన నిమిషాలు ఎక్కడ రాశారు? ఏ పుస్తకంలోనూ లేవు. ఆమె ఖాతా తెరిస్తే కదా డెబిట్ వేయడానికి!

చెన్నపట్నంలో బస్టాండ్ల కథ వింటే ఈ లెక్క తేటతెల్లమవుతుంది. మన ఆంధ్రా బస్సుల కథ కూడా అదే కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను.

నా చిన్నప్పుడు, 1970లలో, మేము జార్జిటౌనులో ఉండేవాళ్ళం. మూడు తరాల కిందటే నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఊరి నుంచి వచ్చే బస్సు ప్యారిస్ దగ్గరే ఆగేది. బస్సు దిగితే అటు హైకోర్టు, ఇటు పూల బజారు, కాస్త నడిస్తే పెద్దాసుపత్రి, సెంట్రల్ స్టేషను. బీచి స్టేషనుకు పోతే తాంబరం దాకా లోకల్ రైలు. ఊరి చుట్టం పొద్దున దిగి, కొత్వాల్ చావడిలో కూరలు కొని, కన్యకాపరమేశ్వరి గుడికి పోయి, మా ఇంట భోంచేసి, సాయంత్రం బస్సెక్కేవాడు. దీన్ని ఎవరూ ప్రణాళిక అనలేదు. దానంతటదే అలా అమరింది. ఆ అమరికలో రద్దీ ఉంది, మురికి ఉంది, జేబుదొంగలు ఉన్నారు. నేను స్వర్గమని చెప్పడం లేదు.

ఆ తర్వాత రద్దీ తగ్గించాలన్నారు. 1996లో కొత్వాల్ చావడి కూరగాయల వ్యాపారం కోయంబేడుకు పోయింది. 2002లో బయటి ఊళ్ళ బస్సులన్నీ కోయంబేడుకే పోయాయి. బస్టాండు పెద్దదే, శుభ్రమైనదే, ఒప్పుకుంటాను. కానీ అక్కడికి రైలు లేదు. అక్కడ దిగిన వాణ్ని ఊళ్ళోకి తెచ్చేది సిటీ బస్సో, ఆటోవాడి దయో. మెట్రో రైలు కోయంబేడుకు వచ్చింది 2015 జూన్‌లో. అంటే 13 ఏళ్ళ తర్వాత. బస్టాండు 2002లో పుట్టినప్పుడు పుట్టిన పిల్లవాడు ఎనిమిదో తరగతికి వచ్చాక దానికి రైలు వచ్చింది.

సరే, వచ్చింది కదా, ఇకనైనా సుఖమా అంటే, రైలొచ్చిన మూడేళ్ళకు మన బస్సులు వెళ్ళిపోయాయి. 2018 అక్టోబరులో మాధవరంలో కొత్త బస్టాండు కట్టి నెల్లూరు, కాళహస్తి వైపు బస్సులను అక్కడికి పంపారు. అప్పటికి అక్కడ మెట్రో లేదు. రెండో దశ పటంలో గీత మాత్రం ఉంది. ఇది మన తెలుగువాళ్ళకే జరిగిన అన్యాయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే తమిళ సోదరుడికి అంతకన్నా పెద్దదే జరిగింది. 2023 డిసెంబరు 30న వండలూరు అవతల కిళాంబాక్కంలో సుమారు 88 ఎకరాల్లో, దాదాపు 400 కోట్లతో కొత్త బస్టాండు తెరిచి, దక్షిణాది జిల్లాల బస్సులను అక్కడికి మార్చారు. ఊరి నడిబొడ్డుకు దాదాపు 30 కిలోమీటర్లు. లోకల్ రైలు పట్టాలు ఆ పక్కనుంచే పోతున్నాయి. కానీ తెరిచిన నాటికి అక్కడ స్టేషను లేదు. రైళ్ళు బస్టాండు ముందునుంచే కూత వేసుకుంటూ పోయేవి, పెట్టెలు నెత్తిన పెట్టుకున్న జనం వాటిని చూస్తూ నిలబడేవారు.

ఏ గుమాస్తానైనా అడగండి. ముందు స్టేషను కట్టి తర్వాత బస్టాండు తెరవాలని ఆరో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ఇంజనీర్లకు తెలియదా? తెలుసు. తెలిసీ ఎందుకు తిరగేసి చేస్తారు? బస్సులను ఊళ్ళోంచి తీసేస్తే కార్లకు దారి వెంటనే దొరుకుతుంది. ఆ క్రెడిట్ ఆ రోజే కనిపిస్తుంది, మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. స్టేషను లేకపోవడం వల్ల పడే డెబిట్ రోజుకింతగా లక్షమంది జేబుల్లో చిల్లరగా పడుతుంది. చిల్లర ఎవరు లెక్కపెడతారు?

నేను లెక్కపెట్టాను, ఒక్క మనిషి విషయంలో. మా మేనత్తది కాళహస్తి పక్క పల్లె. వయసు 74. కంటి చూపుకోసం ఆరునెలలకొకసారి ఇక్కడి ఆసుపత్రికి రావాలి. మొదట్లో ప్యారిస్‌లో దిగి ఒక్కతే మా ఇంటికి నడిచి వచ్చేది. కోయంబేడు అయ్యాక మేము సైదాపేటకు మారాం, నేను వెళ్ళి తెచ్చేవాణ్ని. మెట్రో వచ్చాక ఒకసారి ఒంటరిగా ఎక్కి సైదాపేట పక్కకు వచ్చి దిగింది. "ఒరే అబ్బాయ్, నేల మీద పెట్టకుండా తెచ్చాడ్రా రైలు" అని నెలంతా ఊళ్ళో చెప్పుకుంది. బస్సు మాధవరంలో ఆగడం మొదలైన తర్వాత మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఇనస్పెక్షను, వెళ్ళలేకపోయాను. సిటీ బస్సు బోర్డు ఆమె చదవలేదు, అరవం రాదు, మూట బరువు. ఆటో ఎక్కింది. ఊరి నుంచి పట్నానికి బస్సుకిచ్చిన దానికి రెట్టింపు పైన ఆటోకిచ్చింది. ఆ సాయంత్రం ఏమీ అనలేదు. మరుసటిసారి రావలసిన నెల దాటిపోయింది. ఫోను చేస్తే, "ఉన్న చూపు చాల్లేరా, ఎవరి మొహాలు చూడాలి ఇప్పుడు" అంది.

ఆ మాటను ఏ ప్రాజెక్టు నివేదికలో ఏ పద్దు కింద వేస్తారో చెప్పండి.

బస్టాండు ఊరి మధ్యలో ఉంటే ట్రాఫిక్ కదలదు కదా అని మా బ్యాంకులో ఒక కుర్రాఫీసరు వాదిస్తాడు. అతను తెలివైనవాడు, కారు కొని రెండేళ్ళయింది. అతనితో నేనన్నాను: ఒక బస్సు నిలబడిన చోట రెండు మూడు కార్లు నిలుస్తాయి. ఆ కార్లలో ఉండేది నలుగురో ఐదుగురో. బస్సులో కూర్చున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ కలిపి అరవై మంది. అడ్డం ఎవరు ఎవరికి? బ్యాంకు కౌంటరు దగ్గర అరవై మంది క్యూ ఒకవైపు, ఐదుగురి క్యూ ఒకవైపు ఉంటే, ఐదుగురి కోసం అరవైమందిని వీధిలోకి పంపుతామా? 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా ఇదే చెబుతుంది, కదిలించవలసింది మనుషుల్ని, బళ్ళను కాదని. మా నగరపాలకులు 2014లో నడిచేవాళ్ళ కోసం, సైకిలువాళ్ళ కోసం ప్రత్యేక విధానమే ఆమోదించారు. కాగితం మీద మనవాళ్ళకు సాటి ఎవరూ లేరు. రైలూ బస్సూ మెట్రో అన్నిటినీ కలిపి చూసే సంస్థ కావాలని 2010లో చట్టం చేశారు. ఆ సంస్థ మొదటి సమావేశం జరిగింది 2022లో. 2025 సెప్టెంబరులో అన్నిటికీ ఒకే టిక్కెట్టు ఫోనులో ఇచ్చే ఏర్పాటు వచ్చింది. మంచిదే, నేనూ వాడుతున్నాను. టిక్కెట్లు కలిశాయి. స్టాండులు కలవలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా శాఖలో ఈ పదేళ్ళలో ఎన్ని కారు అప్పులు మంజూరు చేశానో నాకే గుర్తులేదు. ప్రతి మార్చికీ పైనుంచి టార్గెట్ వస్తుంది. వాహన రుణాలు పెరిగితే శాఖ గోడ మీద బోర్డు, మేనేజరుకు మెమెంటో. సిటీ బస్సు ఎక్కేవాడికి అప్పిమ్మని ఏ టార్గెట్టూ రాదు. కుర్రవాడు వచ్చి కూర్చుని, "సార్, బస్సులో పోలేకపోతున్నా" అంటాడు. నిజమే, పోలేడు. నేను సంతకం పెడతాను. అతని కారు రోడ్డెక్కుతుంది, వెనకవచ్చే బస్సు ఇంకో అర నిమిషం ఆలస్యమవుతుంది, ఆ బస్సులోంచి ఇంకొకడు దిగి నా దగ్గరకు వస్తాడు. వడ్డీ మాకు, ఆలస్యం ఊరికి.

మా శాఖ ముందు రోడ్డు సంగతి ఒకటుంది. కొన్నేళ్ళ కిందట సిగ్నలు తీసేసి, మధ్యలో గోడ కట్టి, దూరంగా యూ మలుపు పెట్టారు. బళ్ళు ఆగకుండా పోతున్నాయి. ఎదుటివైపు వీధుల్లో మా పింఛనుదారులు వందమందికి పైగా ఉన్నారు. వాళ్ళకు బ్యాంకు కనిపిస్తూనే ఉంటుంది, రాలేరు. నడచి చుట్టి రావాలి, లేదా అవతలనుంచి మెట్లెక్కి దిగాలి. నవంబరులో బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన గోడ సందులోంచి దూరి రోడ్డు దాటి వచ్చి, చెమట తుడుచుకుంటూ, "బతికే వచ్చాను బాబూ, రాసుకో" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన ఇప్పుడు లేడు. రోడ్డు మీద పోలేదు, ఇంట్లోనే పోయాడు, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. కానీ చివరి మూడేళ్ళు ఆయన బ్యాంకుకు తప్ప ఎక్కడికీ రాలేదని, తెలుగు గ్రంథాలయానికి రావడం మానేశాడని ఆయన భార్య చెప్పింది. గ్రంథాలయం మా బ్యాంకు వైపే ఉంది.

మంచి జరిగిన చోట మంచి చెప్పాలి. 2021 మే నుంచి సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. మా శాఖ ఊడ్చే అమ్మాయి ఆ మిగిలిన డబ్బుతో నెలకింతని రికరింగ్ డిపాజిట్ కట్టింది, ఫారం నేనే నింపాను. ఉచితం ఉచితం అని వెక్కిరించే మా తోటి ఆఫీసర్లకు ఆ పాసుపుస్తకం చూపించాలనిపించింది. అయితే ఆ అమ్మాయే అంటుంది, "టిక్కెట్టు లేదు సరే సార్, ఆ బస్సు రావాలి కదా" అని. ఏసీ బస్సు, డీలక్సు బస్సు పోతాయి, ఉచిత బస్సు కోసం నిలబడాలి. 2023లో మాంబళం స్టేషను నుంచి త్యాగరాయనగర్ బస్టాండు దాకా అరకిలోమీటరు పైన ఆకాశ మార్గం కట్టారు. రైలు దిగినవాడు రంగనాథన్ వీధి తొక్కిడిలో పడకుండా బస్సు చేరతాడు. అది ఉపయోగమే. నడిచేవాణ్ని గాల్లోకి ఎత్తి నేలను బళ్ళకు వదిలేయడమేమిటన్న సందేహం నాకుంది గానీ, రైలుకూ బస్సుకూ ముడివేయాలన్న బుద్ధి పుట్టినందుకు సంతోషించాను.

త్యాగరాయనగర్ మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఆ పేట పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, దాని నడుమ ఉద్యానవనం పేరు పానగల్ రాజాగారిది. ఇద్దరూ మనవాళ్ళే. 1920లలో పెద్ద చెరువును పూడ్చి ఆ పేట కట్టారు. చెరువు పూడ్చడం తప్పా ఒప్పా అన్నది వేరే వ్యాసం. కానీ రైల్వే స్టేషను పక్కనే పేట పుట్టింది, నడుమ పార్కు, చుట్టూ నడిచిపోగల వీధులు. ఈనాటికీ ఊరంతా అక్కడికే వచ్చి పడుతున్నదంటే ఆ పొందిక కారణం కాదా? మనం ఉగాదికి వాళ్ళ పటాలకు దండలు వేసి, "మన తెలుగువారి వైభవం" అని ఉపన్యాసాలిస్తాం. వాళ్ళ పేరున్న పేటలో ఇవాళ ఒక తెలుగు ముసలమ్మ రోడ్డు దాటగలదా అని ఏ సంఘమూ అడగదు.

బకింగ్‌హామ్ కాలువ సంగతీ అంతే. కృష్ణా కాలువలతో కలిసి కాకినాడ దాకా పడవ దారి. బియ్యం, కట్టెలు ఆంధ్ర తీరం నుంచి ఆ నీటి మీదే ఈ పట్నం వచ్చాయి. 1965, 1966 తుపానులతో దెబ్బతిన్నది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్ళో దాని నడుములోనే స్తంభాలు పాతి ఎత్తు రైలు కట్టారు. 1995లో మొదలై 1997లో మైలాపూరుకు, 2007లో వేళచ్చేరికి వచ్చింది. నీళ్ళ దారి పోయింది, పోతే పోయింది, రైలు దారైనా నిండుగా వచ్చిందా? స్టేషన్లు కోటల్లా ఉంటాయి, లోపల మనిషి అలికిడి ఉండదు, బయట బస్సు ఆగదు. వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంటు దాకా మిగిలిన ఐదు కిలోమీటర్ల ముక్క 2008లో మొదలుపెట్టి 2023 నాటికీ పూర్తి కాలేదు. ఆ ఐదు కిలోమీటర్లూ ఉంటే మైలాపూరు సభకు తాంబరం మనిషి గంటలో వచ్చేవాడు.

మద్రాసు లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఈ ఊళ్ళో ట్రాములు కూడా ఆగిపోయాయి. 1895 నుంచి నడిచినవి. మన పెద్దలు మొదటిదాని గురించి ఎన్నో పుస్తకాలు రాశారు. రెండోదాని గురించి ఎవరూ కంట తడి పెట్టినట్టు లేదు. పట్నం ఎవరిదన్న తగవు అంతా రాజధాని గురించే జరిగింది. ట్రాము ఎక్కి కచేరీకో సభకో పోయే మామూలు మనిషిది అవునా కాదా అన్న తగవు ఎవరూ పడలేదు, అరవలూ పడలేదు, మనమూ పడలేదు.

ఇప్పుడు మన సంఘాలవారితో ఒక మాట. ప్రభుత్వానికి విజ్ఞప్తులు రాయండి. తెలుగు బడికి రాసినట్టే, మాధవరం నుంచి ఆసుపత్రులకు, సెంట్రలుకు తరచుగా బస్సులు కావాలని, వాటి బోర్డుల మీద తెలుగులో కూడా పేరు ఉండాలని రాయండి. బస్టాండును కదిలించేముందు రైలు వేసి తీరాలని తమిళ మిత్రులతో కలిసి అడగండి, ఈ విషయంలో వాళ్ళకూ మనకూ తగవు లేదు. అంతకన్నా ముందు మీ చేతిలో ఉన్నది చేయండి. హాలు అద్దె వెయ్యి రూపాయలు తక్కువని స్టేషనుకు మూడు కిలోమీటర్ల దూరంలో తీసుకోకండి. ఐదున్నర అంటే ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుంపావుకు వందన సమర్పణ చేయండి. అధ్యక్షులవారి ముప్పావుగంట తీసేస్తే అది సాధ్యమే.

వచ్చే నెల సభ ఆహ్వానపత్రిక నమూనా కార్యదర్శిగారు నాకు చూపించారు. కింద ఎప్పటిలాగే కారు పార్కింగు వాక్యం ఉంది. అది కొట్టేసి, అక్కడ ఆగే బస్సు నంబర్లు, దగ్గరి స్టేషను పేరు, నడక ఎన్ని నిమిషాలో వేయమన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బాగానే ఉంది. ఏయే బస్సులు ఆగుతాయండీ అక్కడ?" అన్నారు. పదిహేనేళ్ళుగా ఆయన ఆ హాల్లోనే సభలు జరుపుతున్నారు. నాకు తెలిసింది నేనెక్కేది ఒక్కటే. శనివారం మధ్యాహ్నం బ్యాంకు నుంచి అటే పోయి, స్టాపులో గంటసేపు నిలబడి రాసుకొచ్చాను. నాలుగు నంబర్లు. పత్రిక అచ్చుకు వెళ్ళింది.